మెడలు మారిన కండువా

నేను ఒక కండువాను. పట్టుదాన్ని కాదు, జరీ అంచు అసలే లేదు. సిరిసిల్లలో ఒక మరమగ్గం మీద పాలిస్టర్ పోగుతో తెల్లగా పుట్టాను. ఆ మగ్గం పొద్దున ఒక పార్టీకి నేస్తే మధ్యాహ్నం దాని శత్రుపక్షానికి నేసేది. ఎన్నికలంటే దానికి ఒక్కటే అర్థం, చేతినిండా పని. తర్వాత నన్ను వంకాయరంగు తొట్టిలో ముంచారు. అదే తానులోంచి నాతోపాటు తెగిన ముక్క పక్క తొట్టిలో పడి మావిచిగురు రంగు పార్టీకి వెళ్లిపోయింది. అంతకుముందు మా ఇద్దరికీ సిద్ధాంత విభేదాలేవీ ఉండేవి కావు.

రేగులపాడు పట్టణంలో నన్ను మొదట మెడలో వేసుకున్నది కౌసల్య. బస్టాండు వెనక బస్తీలో ఆమెకు ఇడ్లీ బండి ఉంది. బస్తీకి ఎదురుగానే మున్సిపాలిటీ వాళ్ల చెత్త డంపింగ్ యార్డు. అక్కడ ఎవరో ఒకరు నిప్పు పెడుతూనే ఉంటారు. ఆ పొగకు బస్తీ మొత్తం దగ్గుతుంది. చట్నీ మీద మసి తేలుతుంది. తినేవాళ్లు ప్లేటు చూసి మొహం చిట్లించి, పక్క వీధి హోటలుకు పోతారు. వంకాయరంగు పార్టీ అభ్యర్థి కోదండపాణి ఆమె బండి దగ్గర నిలబడి, "కౌసల్యక్కా, నేను గెలిస్తె గీ యార్డును ఊరవతలికి పంపుడే నా మొదటి పని" అన్నాడు. ఆమె నమ్మింది. బండి మూసేసి, నన్ను వేసుకుని, మండుటెండలో ఇల్లిల్లూ తిరిగింది. ఓటేయమని అడిగినప్పుడల్లా యార్డు వైపు చెయ్యి చూపించేది. అంత నమ్మకం నేను మళ్లీ ఏ మెడలోనూ చూడలేదు.

కోదండపాణి గెలిచాడు. విజయయాత్రలో నన్ను ఆమె మెడలోంచి తీసి తన మెడలో వేసుకుని, "ఇది మా అక్క కండువా, పాణం పోయినా దించ!" అని అరిచాడు. చప్పట్లు మోగాయి. కౌసల్య ఏడ్చేసింది. నేను కూడా నమ్మాను. గుడ్డను కదా.

ఏడాది తిరక్కుండానే నియోజకవర్గ అభివృద్ధి ఆయన్ను రాజధానికి రమ్మంది. ప్రభుత్వం మావిచిగురు రంగు వాళ్లది. పెద్ద బంగళా ముందు కారు ఆగగానే నన్ను తీసి వెనక సీటు మీద పడేసి లోపలికి వెళ్లాడు. బయటికి వచ్చేసరికి మెడలో కొత్త కండువా. డ్రైవర్ యాదగిరి నన్ను కారు అద్దాలు తుడిచే పనిలో పెట్టుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నావల్ల ఎవరికైనా దారి సరిగ్గా కనిపించింది ఆ రోజుల్లోనే.

వంకాయరంగు పార్టీ ప్రజాస్వామ్యం ఖూనీ అయిందని గగ్గోలు పెట్టింది. తాము అధికారంలో ఉన్నప్పుడు అవతలి వాళ్లను ఇలాగే లాక్కుని దానికి పునరేకీకరణ అని పేరు పెట్టిన సంగతి ఎవరూ ఎత్తలేదు. కోదండపాణి మీద అనర్హత వేటు వేయమని స్పీకరుకు పిటిషన్ వెళ్లింది. ఆయన జవాబు ఇచ్చాడు: "నేను పార్టీ మారలేదు. ముఖ్యమంత్రిగారిని కలిస్తే మర్యాదకొద్దీ కప్పారు. మర్యాదను కాదనడం మన సంస్కృతి కాదు." పిటిషన్ అక్కడే నిద్రపోయింది. కౌసల్య కోరిక మాత్రం చిన్నది. ఆయన పదవి పోవాలి, మళ్లీ ఎన్నిక రావాలి, యార్డు సంగతి తేల్చకుండా బస్తీలోకి ఎవరూ అడుగు పెట్టలేని రోజు రావాలి.

ఇంతలో రాజ్యాంగాన్ని సంస్కరించాలని దేశంలో చర్చ మొదలైంది. ఫిరాయింపుల చట్టాన్ని ఎలా మార్చాలో జనాన్ని అడగడానికి ఒక కమిటీ ఊరూరా తిరుగుతూ రేగులపాడుకూ వచ్చింది. అధ్యక్షుడు విశ్రాంత న్యాయమూర్తి భుజంగరావు. ఫంక్షన్ హాల్లో సభ; మైకు మోత బయట కారులో ఉన్న నాకూ వినిపించింది. ప్రొటోకాల్ ప్రకారం స్థానిక ఎమ్మెల్యే స్వాగతం చెప్పాలి కాబట్టి, ఫిరాయింపులు దేశానికి పట్టిన చీడ అని కోదండపాణి బల్ల గుద్ది మరీ మాట్లాడాడు. తర్వాత మేధావులు లేచారు. స్పీకరుకు గడువు పెట్టాలన్నారు ఒకరు. అసలు స్పీకరు చేతిలోంచే తీసేయాలన్నారు ఇంకొకరు. కండువాను చట్టం ఏమని నిర్వచించాలి, వస్త్రమనా, సంకేతమనా, అని ఒక వకీలు చాలాసేపు మథనపడ్డాడు. నన్ను అడిగితే చెప్పేదాన్ని. వంటశాల నుంచి బగారన్నం వాసన రాగానే చర్చ వేగం పుంజుకుంది.

అప్పుడు కౌసల్య మైకు అందుకుంది. "సారూ, నాకు చట్టం తెల్వదు. కండువా ఆయన మార్చిండు. నా ఓటు ఎవరు మార్చిండ్రు? నేనైతె మార్చలె."

కోదండపాణి నవ్వి, యాదగిరి చేత నన్ను తెప్పించి పైకెత్తి చూపించాడు. "చూడు అక్కా! పాత కండువా ఇంకా నా కారులనే ఉంది. పార్టీ ఇడిశినోడు కండువా దాచుకుంటడా?"

నా ఒంటినిండా గ్రీజు మరకలు. కౌసల్య వాటిని చూసింది. "గట్లయితె గిప్పుడే మెడల ఏసుకోండ్రి. ఏసుకుంటె మాతోని ఉన్నట్టు. లేకపోతె రాజీనామ చేసి మల్ల ఓటు అడగండ్రి."

ముందు వరసలో మావిచిగురు పార్టీ జిల్లా అధ్యక్షుడు కళ్లార్పకుండా చూస్తున్నాడు. కోదండపాణి నన్ను మెడ దాకా తెచ్చి ఆగాడు. ఆ క్షణం కౌసల్య గెలిచిందనే అనుకున్నాను. అంతలో ఆయన గిరుక్కున తిరిగి, "అయ్యో, ముఖ్య అతిథికి సన్మానం మరిచిపోయాం!" అంటూ నన్ను భుజంగరావుగారి భుజాల మీద కప్పేశాడు. మన సభల్లో ఎవరి భుజం మీద గుడ్డ పడినా చేతులు వాటంతటవే చప్పట్లు కొడతాయి. జడ్జిగారు అలవాటుగా నమస్కారం పెట్టారు. కెమెరాలు మెరిశాయి. భోజనాలకు రమ్మని మైకులో పిలిచారు.

మర్నాడు పేపర్లో జడ్జిగారి ఫొటో, పైన అక్షరాలు: వంకాయరంగు గూటికి విశ్రాంత న్యాయమూర్తి. ఆ పార్టీ ఆయనకు స్వాగతం పలికింది. అవతలి పార్టీ కమిటీని రద్దు చేయమంది. గెస్ట్ హౌసులో జడ్జిగారు నన్ను బల్ల మీద పెట్టుకుని, పళ్లు నూరుతూ వివరణ రాశారు: "సభామర్యాదగా కప్పిన కండువాను బట్టి ఒక వ్యక్తి పార్టీ మారాడని భావించడం చట్టసమ్మతం కాదు." రాసి, నన్ను చెత్తబుట్టలో పడేశారు. మున్సిపాలిటీ బండి తెచ్చి ఈ యార్డులో కుమ్మరించింది.

మిగతా కథ నా పక్కన పడ్డ పాత పేపరు చెప్పింది. జడ్జిగారి వాక్యాన్నే కోదండపాణి వకీలు స్పీకరు ముందు పెట్టాడట. పిటిషన్ కొట్టేశారట. కమిటీ మాత్రం కండువాను నిర్వచించడానికి ఇంకో కమిటీ వేయాలని సిఫారసు చేసిందట. కౌసల్య అడిగిన ప్రశ్నే చివరికి ఆయన్ను ఒడ్డున పడేసింది. నాకు చాలా బాధగా ఉంది. ఆమె అడిగినదాంట్లో తప్పు ఎక్కడుందో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

ఇక్కణ్నుంచి ఆమె ఇడ్లీ బండి బాగా కనిపిస్తుంది. ఇప్పుడే పొయ్యి వెలిగించి, గిన్నెలు సర్దుకుంటోంది. ఇటు మూలన ఎవరో నిప్పు పెట్టి వెళ్లారు. అది నా వైపే పాకుతోంది. పాలిస్టర్‌ను కాబట్టి నా పొగ మామూలు పొగకంటే నల్లగా ఉంటుంది. గాలి కూడా బస్తీ వైపే ఉంది.

కౌసల్యా, గిన్నెల మీద మూతలు పెట్టుకో తల్లీ.