కథలో పారిన వాగు

ఆ ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా సంచి పెద్దావిడే సర్దాలి. ఇంకొకరు చెయ్యి పెడితే ఊరుకోదు. ఈసారి ప్రయాణం చెల్లెలిది. మడతపెట్టిన బట్టల మధ్య మందుల డబ్బా దూర్చింది. కళ్ళజోడు పెట్టెని తువ్వాల్లో చుట్టింది. నీళ్ళ సీసాని పక్క జేబులో నిలబెట్టింది. జిప్పు సగం దాకా లాగి, మళ్ళీ తెరిచి, మందుల డబ్బా ఉందో లేదో తడిమి చూసుకుంది. ఆ తర్వాత గుమ్మం వైపు ఒకసారి తొంగిచూసి, చెల్లెలి దువ్వెన తీసి పరుపు కిందకి తోసేసింది.

వెళ్ళేవాళ్ళ వస్తువు ఒకటి ఇలా వెనక ఉంచేసుకోవడం ఆవిడకి ఎప్పటి నుంచో అలవాటు. వస్తువు ఇక్కడుంటే మనిషి దాని కోసమైనా తిరిగి రాక తప్పదని ఆవిడ లెక్క. అల్లుడి బెల్టు, మనవరాలి చెవిపోగుల్లో ఒకటి, పక్కింటివాళ్ళు ఇల్లు మారినప్పుడు వాళ్ళ గంటె, అన్నీ రేకు పెట్టెలో భద్రంగా ఉన్నాయి.

"ఈసారి ఏం నొక్కేశావక్కా?" అంది చెల్లెలు లోపలికొస్తూనే.

"నేనేం తియ్యలేదు."

"అయితే నా దువ్వెనకి కాళ్ళొచ్చాయా?"

"దువ్వడానికి జుట్టు మిగిలితే కదే, దువ్వెన గురించి అడగడానికి!"

చెల్లెలు పకపకా నవ్వి మంచం మీద కూలబడింది. ఆవిడ నవ్వితే మంచం కూడా నవ్వినట్టు కిర్రుమంటుంది. బతుకంతా రంగు చేపలు అమ్మింది. అద్దాల తొట్లు, గొట్టాలు, చిన్న చిన్న పంపులు, వాటి మధ్యే తిరిగి తిరిగి, దుకాణం కొడుక్కి అప్పజెప్పాక కూడా ఏ నీళ్ళ చప్పుడు విన్నా చెవి అటే వేసేది. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోవాలి. రేపు పొద్దున ఆస్పత్రిలో గుండెకి ఏవో పరీక్షలు. ఆ తేదీ దొరకడమే గగనమైంది.

"నా పంపు కూడా ఈ మధ్య గుర్రుమంటోందిలే, దాన్నీ విప్పించుకుని చూపించుకోవాలి," అంది తేలిగ్గా.

పెద్దావిడకి ఆ మాట తేలిగ్గా వినపడలేదు. అయినా ఆవిడకి దిగులంతా ఇప్పుడు ఇంకోదాని మీద ఉంది. పుస్తకం పూర్తి కాలేదు.

పెద్దావిడ బడికి వెళ్ళలేదు. సరుకులు చుట్టిచ్చిన కాగితాల మీద, బస్సుల మీద, మందు సీసాల మీద అక్షరాలు ఏరుకుని తనంతట తనే చదవడం నేర్చుకుంది. ఇప్పుడు చూపులేని పిల్లల బడి కోసం కథల పుస్తకాలు చదివి రికార్డు చేస్తోంది. వీధి వైపు గదిలో చదివితే హారన్లన్నీ కథలోకి వచ్చేవి. అందుకని వెనక గదిలో మనవరాలి కంప్యూటర్ ముందు, దానికి తగిలించిన మైకులో చదువుతుంది. ఈ పుస్తకంలో ఒక ముసలి దొంగ, వాడిని పట్టుకోలేక ముసలివాడైపోయిన పోలీసు జవాను. జవాను మాటలు అక్కవి, దొంగ మాటలు చెల్లెలివి. ఆవిడ వచ్చిందే అందుకు. దొంగ గొంతు ఎవరు పెట్టినా పెద్దావిడకి నచ్చలేదు; చెల్లెలు పెట్టింది విని మాత్రం, "నువ్వు చేపలమ్ముకుని చెడిపోయావే, నీకిదే సరైన పని," అంది.

చిక్కంతా కంప్యూటర్‌తో. మనవరాలు దాని మీద కదిలే బొమ్మలు గీస్తుంది. అది రోజంతా కాగి, ఫ్యాన్లు విమానంలా మోగేవి. ఆ మోత పడలేక మనవరాలు, ఈమధ్యే చిన్నమ్మమ్మ సాయంతో, దానికి నీళ్ళ ఏర్పాటు చేసింది. లోపల వేడెక్కే చిప్పు మీదుగా నీళ్ళు పారి, ఆ వేడిని మోసుకుపోయి, రేడియేటర్‌లో చల్లబడి, చిన్న గాజు తొట్టిలోకి చేరి, పంపు తోస్తే మళ్ళీ బయల్దేరతాయి. ఫ్యాన్ల గోల తగ్గింది. దాని బదులు గలగల మొదలైంది. మొదటి అధ్యాయాలు పంపిన మర్నాడే బడి టీచరు ఫోన్ చేసింది. "చాలా బాగుందండీ. కాకపోతే పిల్లలు ఒకటే అడుగుతున్నారు, ఈ కథంతా వాగు ఒడ్డునే జరుగుతోందా అని."

అప్పటికి ముగ్గురూ పడీ పడీ నవ్వారు. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆఖరి ఘట్టం జైలు గదిలో జరుగుతుంది. జైలు గదిలో వాగేమిటి?

మనవరాలు పొద్దున్నుంచీ కంప్యూటర్ పెట్టె పక్క తలుపు ఊడదీసి, స్క్రూడ్రైవర్ చెవి వెనక పెట్టుకుని కూర్చుంది. పెద్దావిడ పక్కన నిలబడి, పిల్ల చెయ్యి ఎక్కడ షాక్ కొడుతుందోనని చూస్తోంది.

"పంపు పోయినట్టుంది అమ్మమ్మా. కొత్తది తెప్పించాలి. వారం పడుతుంది."

"వారమా! చిన్నమ్మమ్మ సాయంత్రం వెళ్ళిపోతోంది కదే!"

"పంపుకేం రోగం?" చెల్లెలికి రోషం వచ్చింది. "చేత్తో పట్టుకుని చూశాను. దుక్కలా ఉంది. నేను ఏరి తెచ్చిన పంపుకి వంక పెట్టకు పిల్లా."

"మరి ఆ చప్పుడేంటి?"

"నీళ్ళన్నాక చప్పుడు చెయ్యవూ?"

పెద్దావిడ వాళ్ళిద్దర్నీ ఊరుకోమని చెయ్యి ఎత్తి, కళ్ళు మూసుకుంది. పుస్తకం చదివేటప్పుడు ఎక్కడ ఊపిరి తియ్యాలో, ఎక్కడ ఆగాలో చూసుకునే చెవి అది. సన్నగా ఒక్క తీరున గుర్రుమంటున్నది ఒకటి ఉంది. దాని మీద ఇంకొకటి, ధార పడుతున్నట్టు. ఆ వెనకే, దప్పికైనవాళ్ళు గటగటా తాగుతూ మధ్యలో గుటక వేసినట్టు మరొకటి.

"గుటకలు మింగుతోందే ఇది," అంది. "నీళ్ళతో పాటు గాలి తాగుతోంది."

వంగి చూసింది. గాజు తొట్టిలోకి గొట్టం పైనుంచి వచ్చి, నీళ్ళకి బెత్తెడు ఎత్తున ఆగింది. అక్కణ్నించి నీళ్ళు చిన్న జలపాతంలా దూకుతున్నాయి. కిందంతా తెల్లటి నురుగు. ఆ నురుగే గొట్టాల్లోకి పోయి ముత్యాల్లా పరిగెడుతోంది.

"దీన్ని ఇంత పైన ఎందుకు పెట్టారు?"

"చిన్నమ్మమ్మ పెట్టమంది."

"నేనే పెట్టమన్నాను," అంది చెల్లెలు, గొప్పగా. "పైనుంచి పడితేనే కదా బుడగలొచ్చేది. నా తొట్లన్నిటికీ అలాగే పెట్టేదాన్ని. నీళ్ళలో ఊపిరాడొద్దూ?"

"ఆడాలి నిజమే," అంది పెద్దావిడ. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగింది. "ఇందులో ఊపిరి ఎవరికాడాలే?"

చెల్లెలు జవాబు చెప్పబోయి నోరు తెరిచింది. ముందుకు వంగి, లోపల ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు ఆ తొట్టిలోకి చూసింది.

"చేపల్లేవు కదే ఇందులో!"

అంతే. మనవరాలి చెవి వెనకున్న స్క్రూడ్రైవర్ కింద పడింది. చెల్లెలు పొట్ట పట్టుకుని, "నా తెలివి తెల్లారినట్టే ఉంది! కంప్యూటర్‌కి ఊపిరాడట్లేదని జాలిపడ్డానే నేను!" అని కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వింది.

"నాకు మాత్రం తట్టిందా?" అంది మనవరాలు. "ఆ నురుగు చూసి ఎంత ముచ్చటగా ఉందో అనుకుని వీడియో కూడా తీశాను."

"మేత వెయ్యలేదు, సంతోషించు," అంది పెద్దావిడ.

ఇక మరమ్మతు తేలికే. తొట్టి మూతకి లోపలి వైపు ఇంకో గొట్టం ముక్క తగిలిస్తే, దాని కొస నీళ్ళలో మునుగుతుంది. ధారా ఉండదు, నురుగూ ఉండదు. కాకపోతే గొట్టం ముక్క కావాలి.

"ఉంది," అంది చెల్లెలు. "మిగిలిన చుట్ట నా సంచి అడుగునే ఉంది. కొడుక్కి పనికొస్తుందని పట్టుకుపోతున్నా."

ఆ మాటకి పెద్దావిడ లేచిన వేగం చూసి మనవరాలు ఆశ్చర్యపోయింది. సర్దిన సంచిని విప్పే భాగ్యం ఆవిడకి ఇన్నాళ్ళలో ఎప్పుడూ దక్కలేదు. జిప్పు బర్రున లాగి, బట్టలు, మందులు, తువ్వాలు ఒక్కొక్కటీ మంచం మీద పేర్చింది. అడుగున పాములా చుట్టుకుని పడుకున్న గొట్టాన్ని తీసింది. సంచి ఖాళీ అయిపోయింది. దాన్ని బోర్లించి ఒకసారి దులిపింది కూడా.

మనవరాలు కంప్యూటర్ ఆపి, గొట్టాల కింద పాత తువ్వాళ్ళు పరిచింది. చెల్లెలు గొట్టం కొసని వేణ్ణీళ్ళలో ముంచి మెత్తబరిచి, ఒక్క తిప్పుతో మూతకి ఎక్కించింది. తొట్టిని కూడా అన్నిటికన్నా ఎత్తులోకి మార్చారు. గాలి ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి, అది చేరాల్సిన చోటు ఎత్తున ఉండాలంది మనవరాలు. బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్ళతో తొట్టి నింపి, మిగతా వైర్లన్నీ పీకి, ఒక్క పంపునే తిప్పారు.

ధార చప్పుడు పోయింది. గుటకలు మాత్రం పోలేదు.

"రేడియేటర్ మూలల్లో గాలి ఇరుక్కుంది," అంది మనవరాలు. "దీన్ని అటూ ఇటూ వంచాలి."

"వంచితే సరిపోదు," అంది పెద్దావిడ. "లే. ఇలా తే."

నేల మీద చతికిలబడి, ఆ బరువైన పెట్టెని తన మీదికి వాల్చుకుంది. చెల్లెలు ఇంకో పక్క నుంచి పట్టుకుంది. పాలు తాగిన చంటిపిల్లని భుజానేసుకుని తేన్పు తెప్పిస్తారే, సరిగ్గా అలాగే, రేడియేటర్ వీపు మీద అరచేత్తో తట్టడం మొదలుపెట్టింది పెద్దావిడ. "ఊఁ, ఊఁ, అయిపోయింది, అయిపోయింది నాన్నా."

"అమ్మమ్మా, అది కంప్యూటర్!"

"మీ అమ్మకీ నీకూ ఇలాగే తట్టాను. ఎవరూ కాదనలేదు."

బుడుక్‌మంటూ ఒక పెద్ద బుడగ గొట్టంలోంచి దొర్లుకుంటూ వచ్చి తొట్టిలో పైకి తేలి పగిలింది. వెంట పిల్ల బుడగలు బిలబిలమంటూ వచ్చాయి. "తేన్చింది!" అని చెల్లెలు చప్పట్లు కొట్టబోయి, పట్టు వదిలేస్తే పడిపోతుందని గుర్తొచ్చి ఆగింది. ఇంకో పక్కకి వాల్చారు. ఇంకొన్ని వచ్చాయి. ఆ తర్వాత రాలేదు.

గది నిశ్శబ్దమైపోయింది.

పెద్దావిడ తట్టడం ఆపి, పెట్టెకి చెవి ఆనించింది. "ఆగిపోయిందా?"

"లేదు అమ్మమ్మా. తిరుగుతోంది. ఇదిగో, చెయ్యి పెట్టు."

పెట్టింది. వేళ్ళ కింద సన్నటి వణుకు తగిలింది. నిద్రపోతున్న పిల్లి వీపు మీద చెయ్యేసినట్టుంది. తువ్వాళ్ళు తడిమి చూశారు, ఎక్కడా చెమ్మ లేదు. కంప్యూటర్ మొత్తం నడిపించి, మనవరాలు తన బొమ్మల పని దానికి అప్పజెప్పింది. వేడి నిన్నటి దరిదాపులకి కూడా రాలేదు. ఫ్యాన్లు ఇంకా నెమ్మదించాయి.

"రండి, రండి. బస్సు టైమవుతోంది," అని మనవరాలు తలుపు మూసి మైకు ముందుకు జరిపింది. అక్కాచెల్లెళ్ళు ఒకే పుస్తకం మీదికి తలలు వంచారు.

జవాను గొంతు సవరించుకున్నాడు. "ఎన్నాళ్ళకి దొరికావురా!"

"దొరకడమేంటి సార్," అన్నాడు దొంగ, బొంగురుగా, దర్జాగా. "కాళ్ళు నొప్పెట్టి కూర్చున్నాను. ఇంతలో మీరొచ్చారు."

జైలు గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. దొంగా జవానూ ఒకరి మోకాళ్ళ గురించి ఒకరు వాకబు చేసుకున్నారు. తాళంచెవి ఎక్కడ పెట్టాడో జవాను మర్చిపోయాడు. దొంగ దాన్ని వెతికిచ్చాడు. చివరి పేజీలో జవాను, "మళ్ళీ పారిపోవుగా?" అని అడిగినప్పుడు పెద్దావిడ గొంతులో నిజమైన బెంగ పలికింది. దానికి దొంగ, "ఈ వయసులో నన్ను పట్టుకోవడానికి ఇంకెవరు పరిగెడతారు సార్?" అనాలి. చెల్లెలు అంది. అనేసి, ఆపుకోలేక కిసుక్కున నవ్వింది.

"అయ్యో, ఆఖర్లో పడింది," అంది మనవరాలు. "ఆ నవ్వు కోసేస్తాను."

"ఉండనీ," అంది పెద్దావిడ. "దొంగ కదా. నవ్వుకోనీ."

సంచి మళ్ళీ సర్దాల్సి వచ్చింది. ఈసారి ముగ్గురూ కలిసి, ఏది ఎక్కడో చూసుకోకుండా కుక్కారు. మందుల డబ్బా మాత్రం పెద్దావిడ రెండు సార్లు తడిమింది. బస్సు స్టాండు దాకా నడిచి వెళ్ళారు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక చెల్లెలు తల బయటపెట్టింది.

"దువ్వెన పరుపు కింద ఉందని తెలుసులే. ఉంచుకో. దానికోసం వస్తాను."

"జుట్టు పెంచుకుని రా," అంది పెద్దావిడ.

బస్సు మలుపు తిరిగేదాకా ఆ నవ్వు వినపడుతూనే ఉంది.

కథ బడికి చేరిన మర్నాడు టీచరు ఫోన్ చేసింది. పిల్లలు చివరి భాగాన్ని ఆపకుండా మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారట. వాగు ఎండిపోయిందా అని ఒకళ్ళు అడిగారట. దొంగ నవ్వు భలే ఉందని, తర్వాతి కథలో కూడా ఆ దొంగే ఉండాలని అందరూ ఒకటే గొడవట. పెద్దావిడ ఆ మాటలన్నీ అప్పటికప్పుడే ఫోన్‌లో చెల్లెలికి చెప్పింది. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

చెల్లెలు మళ్ళీ రాలేదు. ఆ ఏడు వానలు మొదలైన వారంలో, ఒక మంగళవారం పొద్దున పోయింది.