బూటు అడుగున మెరుపు

అక్కకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. చెల్లి తూటాలు నింపిన తుపాకీ చేత్తో పట్టుకుని పరిగెడుతూ కాలు జారి పడుతుందేమోనని. పిడుగన్నా భయమే, పక్కింటి కుక్కన్నా భయమే, తన చంటిపిల్లకు ఒళ్ళు కాస్త వెచ్చబడినా భయమే. కానీ అవన్నీ దీని వెనకాల వరసలో నిలబడాల్సిందే.

ఆ భయం ఊరికే పుట్టలేదు. అక్క ఎనిమిదో తరగతిలో ఉండగా వాళ్ళమ్మ పెరట్లో తడి మెట్టు మీద జారి నడుము విరగ్గొట్టుకుంది. మంచానపడ్డ అమ్మకు ముద్ద తినిపించడానికి, పలక కూడా సరిగ్గా పట్టడం రాని చెల్లికి తల దువ్వడానికి ఇంట్లో మరో మనిషి లేదు. అక్క బడికి పోవడం ఆగింది. ఆ ఏడాది లెక్కల పుస్తకానికి వేసిన అట్ట కూడా నలగలేదు. అప్పట్నుంచీ ఎవరు ఎదురైనా ఆమె ముందు మొహం చూడదు, కాళ్ళు చూస్తుంది. బూట్ల కొట్లో పని దొరికిందంటే దొరకదా మరి!

చెల్లిని ఇంట్లో అందరూ మిడత అంటారు. నడవడం రాకముందే గెంతడం వచ్చింది. ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం. కాపలా వాళ్ళందరికీ కలిపి తుపాకీ పోటీ పెడుతున్నారని, తమ జట్టులో తననూ ఎంచారని ఒక సాయంత్రం వచ్చి చెప్పింది.

"నిలబడి కాల్చడమేగా?" అంది అక్క, పిల్ల నోట్లోంచి బొత్తం బయటికి తీస్తూ.

"నిలబడి కాలిస్తే మజా ఏముందే! ఇక్కడ రెండు అట్టబొమ్మల్ని కొట్టాలి, అక్కడికి పరిగెత్తాలి, చెక్క పలకల మీదెక్కి ఇంకో మూడు కొట్టాలి, మళ్ళీ గులకరాళ్ళ మీంచి ఆ చివరికి. గడియారం పరిగెడుతూనే ఉంటుంది."

"పరిగెత్తేటప్పుడు తుపాకీ?"

"చేతిలోనే. వేలు మాత్రం మీటకు దూరంగా, ఇలా చాచి పెట్టాలి. మూతి ఎప్పుడూ ఎదురుగా ఉండే మట్టి గట్టువైపే."

"మరి జారితే?"

"జారితే పడతాను. పడ్డా మూతి గట్టువైపే ఉండాలి."

"మూతి గట్టువైపు పెట్టుకుని ఎలా పడతారే? పడేది చెప్పి పడతామా?"

మిడత పకపకా నవ్వింది. "అందుకే నీ దగ్గరికొచ్చాను. డ్యూటీ బూట్లు పలకల మీద పట్టడం లేదు. నీ కొట్లో జారని జత చూసిపెట్టు. నీకంటే పిరికిది ఈ లోకంలో లేదు, నువ్వు సరే అంటే ఇంకెవరూ వంక పెట్టలేరు."

అక్క ఆ పనిని ప్రాణం పెట్టి చేసింది. కొట్లో వెనకగదిలో కుట్టుపని చేసే ముసలి మేస్త్రీ పక్కన చేరి రెండ్రోజులు ఆయన బుర్ర తినేసింది. "చూడు తల్లీ," అని ఆయన బూటు తిరగేసి అడుగున గోరు నొక్కి చూపించాడు. "గోరు దిగిందా, మెత్త రబ్బరు, తడి చెక్కను పట్టుకుంటుంది. దిగలేదా, అది ప్లాస్టిక్కు తమ్ముడు, మోసం చేస్తుంది. మడమ దగ్గర కదలకూడదు. వేళ్ళ ముందు బొటనవేలంత చోటుండాలి. మడమ ఎత్తు ఉందనుకో, మనిషి ముందుకి తూలుతుంది, గురి కాస్తా పోతుంది."

మూడు జతలు ఇంటికి పట్టుకొచ్చింది. పెరట్లో పలక వేసి, దానిమీద సబ్బునీళ్ళు పోసి, చెల్లి చేతికి గరిటె ఇచ్చింది. మొదటి జతకు అడుగున పెద్ద పెద్ద బొడిపెలు. మట్టిలో బాగానే దిగాయి గానీ పలక ఎక్కగానే గుర్రం డెక్కల్లా టకటకలాడి పక్కకి జారాయి. రెండో జత మెత్తటి దిండు. పరిగెడితే హాయిగా ఉంది, ఆగి గరిటె ఎత్తితే మాత్రం పడవలో నిలబడ్డట్టు ఊగింది. మూడోది బూడిదరంగు జత. పల్చటి అడుగు, దగ్గరదగ్గరగా గాట్లు, మడమను పిడికిట్లో పట్టినట్టు పట్టుకుంది. మిడత ఆ సబ్బునీళ్ళలో పదిసార్లు పరిగెత్తి పదిసార్లూ మేకు కొట్టినట్టు ఆగింది.

బావ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "మరదలా, పప్పులోకి గరిటె కావాలి. ఆ గరిటెతో ఎవర్ని చంపుతున్నారో చెబితే నేను శవాన్ని మోస్తాను."

"శుభమా అని వెళ్తుంటే ఆ మాటలేంటండీ!" అంది అక్క. మొహం పాలిపోయింది. ఆయన నవ్వు ఆపేసి, నోటిమీద వేలేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మడమ లోపల కుట్టు ఒకచోట గుచ్చుకుంటోందని చెల్లి అంటే, అక్క ఆ జతను మళ్ళీ కొట్టుకి తీసుకెళ్ళి మేస్త్రీచేత సరిచేయించింది. సబ్బు మరకలు, మట్టి శుభ్రంగా తుడిచింది. సాయంత్రం మిడత వచ్చి సంచిలో వేసుకుని, "పోటీరోజు దాకా కాలికి తొడగను, దిష్టి తగులుతుంది," అని ఎగురుకుంటూ వెళ్ళింది.

పోటీరోజు పొద్దున్నే చినుకులు పడ్డాయి. పలకలు తడుస్తాయని అక్కకు గుబులు. "సబ్బునీళ్ళకే జారనిది వాననీళ్ళకు జారుతుందా," అని తనకు తనే సర్దిచెప్పుకుంటూ, పిల్లను కొట్లో ఖాళీ పెట్టెలో కూర్చోబెట్టి పనిలో పడింది. ఆమె పని బల్ల చివర. కొనేవాళ్ళ చేతికి పోయే ప్రతి జతా ఆఖరున ఆమె చేతిమీదుగా పోవాలి. సీసాలోంచి మెరుపుమందు చిమ్మి, గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే తళతళలాడుతుంది. కొనేవాళ్ళు ముందు బూటు తిరగేసి చూస్తారు కాబట్టి అడుగు కూడా మెరవాలని యజమాని పట్టుదల. రోజుకు నలభై జతలు. చెయ్యి దానంతటదే చేసుకుపోతుంది, మనసుకు చెప్పదు కూడా.

ఆ పొద్దున చిమ్ముతుంటే నాలుగు చుక్కలు నేలమీద పడ్డాయి. టీ గ్లాసుతో వస్తున్న మేస్త్రీ కాలు సర్రున జారింది. ఆయన అలమారా పట్టుకుని వేలాడాడు, టీ గోడకు కొట్టుకుంది.

"ఏం పోశావమ్మా ఇక్కడ! నా తొడ ఎముక నీకేం అపకారం చేసింది?"

అక్క నవ్వబోయింది. నవ్వు నోట్లోనే గడ్డకట్టింది. చేతిలో సీసా వంక చూసింది. గుడ్డ వంక చూసింది. బూడిదరంగు జతను తుడిచింది ఈ బల్లమీదే, ఈ గుడ్డతోనే. మట్టి పోయాక సీసా ఎత్తిందా? ఎత్తింది. అడుగున? అడుగున కూడా. చెల్లివని ఇంకాస్త ఎక్కువే కొట్టింది. గాట్లలోకి దిగేలా బొటనవేలితో రుద్దింది.

"మేస్త్రీగారూ, ఇది అడుగుకి పూస్తే... పోతుందా?"

"వీధిలో నాలుగురోజులు నడిస్తే పోతుంది. నడవకపోతే ఎక్కడికి పోతుంది? రబ్బరు తాగేస్తుంది దాన్ని. సబ్బుతో కడిగి, గరుకు కాగితంతో రుద్దాలి." ఆయన ఆమె మొహం చూసి ఆగాడు. "ఎవరివి?"

అక్క చెల్లికి ఫోన్ చేసింది. ఆపేసి ఉంది. పోటీ మైదానంలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టెలో పెట్టించేస్తారని మిడతే చెప్పింది. పిల్లను చంకన వేసుకుని చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచి పరిగెత్తింది. మేస్త్రీ వెనకనుంచి ఆ చెప్పులు పట్టుకుని బస్సుదాకా వచ్చాడు.

బస్సు ప్రతి స్టాపులో ఆగింది. ఒకచోట ఎవరో పెద్దమనిషి చిల్లర కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. అక్కకు ఆయన్ని ఎత్తి కిందకి దించేయాలనిపించింది. కళ్ళు మూస్తే చాలు, తడి పలక, బూడిదరంగు బూటు, చాచి పెట్టిన వేలు మీటలోకి ముడుచుకోవడం కనిపిస్తోంది. మూతి ఎటు తిరుగుతుంది? గట్టువైపా, జనం వైపా, చెల్లి కడుపువైపా? పడేటప్పుడు మనిషి దొరికింది పట్టుకుంటుంది. చేతిలో ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వాళ్ళమ్మ పడ్డప్పుడు చేతిలో చెంబు ఉంది. ఎత్తి మంచం మీద పడుకోబెట్టాక కూడా ఆ చెంబును వేళ్ళలోంచి విడదీయాల్సి వచ్చింది.

మైదానం గేటు దగ్గరికి రాగానే లోపల ఢామ్మని పేలింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"చంటిపిల్లతో లోపలికి కుదరదమ్మా," అన్నాడు గేటు మనిషి.

"మా చెల్లి బూట్లు జారతాయండీ. నేనే పాడుచేశాను. పరిగెత్తితే పడిపోతుంది."

అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆమె కళ్ళల్లో ఏం చూశాడో, గూట్లోంచి మోత వినబడకుండా చెవుల మీద పెట్టే కప్పుల జతలు రెండు తీసి, "పాపకి ఒకటి, నీకొకటి. తాడు దాటకు," అన్నాడు.

మూడో వరసలో మిడత నిలబడి ఉంది. నడుముకు తుపాకీ. ఆమె వెనక చేతిలో గడియారంతో పోటీ నడిపే ఆఫీసరు. అక్క నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. తుపాకీ దగ్గర ఉన్న మనిషిని వెనకనుంచి పిలవకూడదని, ఉలిక్కిపడితే ప్రమాదమని చెల్లి వందసార్లు చెప్పింది. పిలిస్తే ఉలిక్కిపడుతుంది, పిలవకపోతే జారుతుంది. తాడు దగ్గర జెండా పట్టుకున్న మనిషి చొక్కా పట్టుకుని గుంజింది. "ఆపండి, ఆవిడ బూట్లు జారతాయి, ఆపమనండి!" అతని చెవులకూ కప్పులే. "ఏంటీ?" అంటూ ఒక కప్పు ఎత్తాడు. అప్పటికే గడియారం కుయ్యిమంది.

మిడత ఎగిరింది. రెండు దెబ్బలు. పరుగు. అక్క తుపాకీ వైపు చూడలేదు, అట్టబొమ్మల వైపు చూడలేదు. కాళ్ళనే చూసింది. తడి పలక మీద ఎడమ కాలు పడింది. కుడి కాలు పడింది. కాస్త జారి, సర్దుకుంది. మూడు దెబ్బలు. గులకరాళ్ళు చిమ్ముకున్నాయి. ఆఖరి గీత దగ్గర చెల్లి ఆగి, తుపాకీ ఖాళీచేసి చూపించి, ఒరలో పెట్టుకునేదాకా అక్క ఊపిరి పీల్చలేదు.

అప్పుడు తెలిసింది, ఇందాకటిదాకా భయంలో కంటికి ఆనలేదు గానీ, ఆ కాళ్ళకున్నవి నల్లటి పాత డ్యూటీ బూట్లని.

ప్రాణం లేచొచ్చింది. చెల్లి తాడు దాటి వచ్చేసరికి అక్క ఏడుస్తూ ఆమె వీపుమీద రెండు దెబ్బలు వేసింది.

"ఏంటక్కా, ఓడిపోయానని కొడుతున్నావా? ఆ పలక మీద జారి రెండు సెకన్లు పోయాయిలే."

"కొత్త బూట్లేవే?"

"ఇచ్చేశాను." మిడత గర్వంగా నవ్వింది. "పొద్దున వేరే ఊరి జట్టులో ఒక పొడుగమ్మాయి బూటు అడుగు ఊడి మొసలి నోరులా తెరుచుకుంది. కూలబడి ఏడుస్తోంది పాపం. నా కాలూ ఆమె కాలూ ఒకటే కొలత. మా అక్క సబ్బునీళ్ళలో పరీక్ష చేసిన బూట్లివి, కళ్ళు మూసుకుని పరిగెత్తు అని నేనే తొడిగాను. నాకైతే ఈ పాతవాటితో అలవాటేగా."

అక్క నేలమీద కూర్చుండిపోయింది. సంగతంతా చెప్పేసరికి మిడత మొహంలో రంగు దిగిపోయింది. చిన్నప్పట్నుంచీ అక్క ఆమెను ఒక్కసారి కూడా అలా చూడలేదు.

"ఆమె ఎక్కడే?"

"వాళ్ళ వంతు రెండో మైదానంలో. వ్యానులో వెళ్ళిపోయారు."

"పేరు?"

"అడగలేదక్కా."

ఆఫీసరు విని, వెంటనే అక్కడికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆయన తన జీపులోనే వాళ్ళను పంపించాడు. రెండో మైదానం చేరేసరికి అట్టబొమ్మలు పీకేస్తున్నారు. బల్ల దగ్గర కాగితాలు సర్దుతున్నాయన కళ్ళజోడు పైకి తోసి, "ఒకమ్మాయి పలకల మీద జారిందండీ, మోకాలు చీరుకుపోయింది. తుపాకీ పేలలేదు, అదృష్టం. అంత పడ్డా మూతి గట్టువైపే పట్టుకుంది. పట్టీ వేసి పంపించాం," అన్నాడు.

"బూట్లు తీసేసిందా?" అంది అక్క.

"బూట్లా? వాటిది తప్పు కాదట. ఇంత మంచి జత జన్మలో తొడగలేదు, తప్పు నా అడుగుదే అంటూ ఏడ్చింది పిచ్చిపిల్ల. పడ్డా గురి తప్పలేదు, పై పోటీకి ఎంపికైంది కదా, అక్కడా ఇవే వేసుకుంటానంది."

కాగితం మీద అమ్మాయి పేరు లేదు, జట్టు నంబరు ఉంది, నాయకుడి ఫోన్ నంబరు ఉంది. మిడత గెంతడం మరిచిపోయినట్టు అక్క చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చింది. ఆ రోజునుంచి ఇద్దరూ వంతులేసుకుని ఆ నంబరుకు చేస్తూనే ఉన్నారు. మోగుతుంది, ఎత్తరు. ఆ జట్టుకు అందించమని పోటీ ఆఫీసుకు ఒక ఉత్తరం రాశారు. మేస్త్రీ ఒక గరుకు కాగితం ముక్క కూడా అందులో మడిచి పెట్టించాడు. జవాబు లేదు. పై పోటీ ఎప్పుడో, ఏ ఊళ్ళోనో చెప్పినవాళ్ళు లేరు.

ఇది చదువుతున్న మీలో ఎవరి ఇంటి పక్కనో, ఎవరి ఆఫీసు గేటు దగ్గరో ఆ అమ్మాయి ఉండొచ్చు. బాగా పొడుగు, కాపలా ఉద్యోగం, ఒక మోకాలి మీద కొత్తగా మానిన గీత ఉంటుంది. బూడిదరంగు బూట్లను పెట్టెలో దాచుకుని, పోటీరోజు మాత్రమే తీస్తూ ఉంటుంది. దయచేసి ఒకసారి వెళ్ళి ఆమె ఎలా ఉందో చూడండి. తప్పు ఆమె అడుగుది కాదని చెప్పండి.