చచ్చినవాళ్ల కందాయం

చౌడమ్మ ఇంటి తలుపు పీకుతుంటే నేను కళ్లారా చూశాను. ఇంటిపన్ను వసూలు చేసే పంచాయతి బిల్ కలెక్టర్ నాగేశ్ పక్కన నిలబడి చెప్తుంటే ఇద్దరు మనుషులు గడ్డపారలతో మడతబందులు ఊడదీశారు.

"యాడికప్పా నా తలుపు ఎత్తకపోతాండారు?"

"ఈ ఏటి ఇంటి కందాయం బాకీ ఉండాదమ్మా. నోటీసు మీ ఆయన పేరుతో ఉండాది. ఆయన్నే పంపు, తలుపు ఇస్తాం."

ఆమె భర్త మునికృష్ణప్ప క్వారీ దుమ్ముకు ఊపిరితిత్తులు గట్టిపడి చచ్చి ఏడేళ్లయింది. దినాల భోజనానికి ఈ నాగేశే వచ్చి తిన్నాడు! ఆ మాట నోట ఎట్లా వచ్చిందో వీడికి.

పేరేసంద్ర నుంచి గుడిబండె పోయే దోవలో ఉంది మా వీధి. పదకొండు ఇళ్ల మగవాళ్లను ఆ ఒక్క క్వారీ మింగింది. ఎవరు చచ్చినా కాంట్రాక్టరు మట్టి ఖర్చులిచ్చి, "కాగితాలు ఎందుకప్పా" అని వెళ్లిపోయేవాడు. చావు రాయించాలని మాకూ తెలియలేదు. నేనూ అక్కడే రాయి కొట్టాను. ఇంకా దగ్గుతూ బతికున్నాను గనక చెప్తున్నాను.

మరునాడు అందరం పంచాయతి ఆఫీసుకు పోయాం. అధికారి తల ఎత్తకుండా మాట్లాడాడు.

"మొగుడు లేనోళ్లకి సగం మాఫీ ఉండాది. అయితే ఇంటి ఖాతా మీ ఆయన పేరుతో ఉండాదే."

"నా పేరుకి మార్చు సామీ."

"బాకీ అంతా కడితే మారుస్తా."

"సగం మాఫీ చేస్తే కడతా."

"పేరు మారితేనే మాఫీ. అయినా చచ్చినాడంటావు, పోయినేడు కందాయం ఆయనే కట్టినాడే? ఇదో, వేలిముద్ర!"

ఆ వేలిముద్ర చౌడమ్మదే. మా వీధి ఆడవాళ్లు మొగుడు పోయినా ఖాతాలో పేరు తీయించరు. ఏటా ఆయన పేరు కింద తమ వేలు వేసి, రసీదు తెచ్చి ఆయన ఫోటో వెనక పెడతారు. రసీదులోనైనా బతికుంటాడని. ఆ రసీదులే ఇప్పుడు వాళ్ల మెడకు చుట్టుకున్నాయి.

సాయంత్రం తలుపు లేని ఆ ఇంట్లోనే కూర్చున్నాం. మా వీధి రామాంజినప్ప కూతురు వీణ, చిక్కబళ్లాపురంలో డిగ్రీ చదువుతోంది, లేచి చెప్పింది.

"సోమవారం అందరికీ నోటీసులు తెస్తారంట, ఎవరూ తీసుకోవద్దండి. ఎందుకు ఇయ్యలేకపోయినాడో నాగేశే దానిమీద రాసి సంతకం పెట్టాల. చావుకి అదే సర్కారు సాక్ష్యం."

క్వారీకే మొగుణ్ని పోగొట్టుకున్న వనజమ్మ గయ్యిమంది. "ఆయప్ప చచ్చినాడని అంతమందిలో నా నోటితో చెప్పాల్నా? నావల్ల కాదు!"

"పేరు నిలబెడదామనే నేనూ ఏలిముద్ర ఏసినా అక్కా," అంది చౌడమ్మ. "కాంట్రాక్టరుకి కావాల్సింది అదే. వాడి పాపాన్ని మనమే దాచిపెట్టినాం."

వనజమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సోమవారం నాగేశ్ పదకొండు ఇళ్లకూ నోటీసులు తెచ్చాడు. వీధి వీధంతా బయటే ఉంది.

"మునికృష్ణప్ప!"

"చచ్చిపోయినాడు. క్వారీ దుమ్ముకి. రాసుకో," అంది చౌడమ్మ.

"నువ్వే తీసుకోమ్మా."

"నా పేరు యాడుండాది అందులో?"

నాగేశ్ చుట్టూ చూశాడు. దోవ ఇచ్చేవాళ్లు లేరు. 'యజమాని మరణించారు' అని రాసి సంతకం పెట్టాడు. అట్లా మొత్తం పదిసార్లు రాశాడు. వీణ ఒక్కొక్కటీ ఫోన్లో ఫోటో తీసింది. వనజమ్మ మాత్రం లోపలే ఉండిపోయింది. ఆమె నోటీసు నాగేశ్ చేతిలోనే మిగిలింది.

మధ్యాహ్నానికి కాంట్రాక్టరు కారు పంచాయతి ముందు ఆగింది. దాని వెనకే పోలీసు జీపు మా వీధిలోకి వచ్చింది. సర్కారు పనికి అడ్డం పడిందని చౌడమ్మను ఎక్కించారు. పోలీసు పుస్తకం తీశాడు.

"మొగుడి పేరు?"

"మునికృష్ణప్ప. క్వారీ దుమ్ముకి చచ్చినాడని కూడా రాయి."

అప్పుడు జనాన్ని తోసుకుంటూ వనజమ్మ వచ్చి జీపు కమ్మీ పట్టుకుంది.

"నాదీ రాసుకో సామీ. నంజప్ప. చచ్చిపోయినాడు... చచ్చిపోయినాడు!"

ఆమె వెనక మిగతా తొమ్మిది మంది ఆడవాళ్లూ బారు కట్టారు. అందరి వెనక నేను నిలబడ్డాను, నా పేరు ఊపిరి ఉండగానే రాయించాలని.