ఈదర వారి కుర్చీ

గదిలో ప్రతి కుర్చీ ముందూ ఒకే పేరు ఉంది. నెలవంకలా వంగిన పొడవాటి బల్ల, దాని వెనక ఎత్తు వీపుల నల్ల కుర్చీలు, ఒక్కో కుర్చీ ముందు ఒక్కో ఇత్తడి పలక, ప్రతి పలక మీదా ఇంగ్లీషు అక్షరాల్లో ఈదర అనే చెక్కి ఉంది. ఇది మేముండే మేపుల్‌ఫర్డ్ ఊరి కౌన్సిల్ హాలే. నెలనెలా చివరి వరసలో కూర్చుని మా ఆయన్ని చూసిన హాలే, కాని గోడలకు మా బడి గోడల పసుపు రంగు వేసి ఉంది, కిటికీలోంచి అద్దంకి బస్టాండు కనబడుతోంది, బస్సుల మీద మెత్తగా మంచు పడుతోంది, దాన్ని వింతగా చూసేవాళ్ళు ఎవరూ లేరు.

నేను ఆయన కుర్చీ వెతుక్కుంటూ వచ్చాను. మా ఆయన మురహరి చనిపోయారని కలలో కూడా నాకు తెలుసు. ఆయన కూర్చున్న చోటు ఇప్పుడు ఖాళీగా ఉంది, దానిలో ఎవరిని కూర్చోబెట్టాలో కౌన్సిలే నిర్ణయిస్తుంది, ఆ సంగతి నా ఎనిమిదో తరగతి పిల్లలకు నేనే ఏటా పాఠంగా చెబుతాను. అధ్యక్షురాలు మిసెస్ విట్లాక్ మా ఇంటికి వచ్చి, నా చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుని, నువ్వు కూర్చుంటే అందరూ సంతోషిస్తారు, భర్త చోట భార్య కూర్చోవడం ఈ దేశంలో కొత్త కాదు, పేరు ఎలాగూ అదే, పలక కూడా మార్చనక్కర లేదు అంది. కాదంటే నాకు తోచిన పేరు ఇంకొకటి చెప్పమంది. సాయంత్రంలోగా జవాబు ఇవ్వాలి. నేను ఒప్పుకోకపోతే ఎవరో ఒక మనిషి చిన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చి ఆ పలక ఊడదీస్తాడని, ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందోనని, నేను మెలకువలో కూడా అదే ఆలోచిస్తున్నాను.

కాని ఈ కల హాల్లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. చెంపల మీద తెల్లని వెంట్రుకలు దట్టంగా పెంచిన ముసలాయన, వెడల్పు టై కట్టుకున్న నల్లజాతి పెద్దమనిషి, ఫోను చూసుకుంటున్న కుర్రవాడు, పువ్వుల టోపీ పెట్టుకున్న ఒక ముసలామె. ప్రతి ఒక్కరి కోటుకూ ఒక చిన్న కాగితం ముక్క గుచ్చి ఉంది. దగ్గరికి వెళ్ళి చదివాను. 'బంధుత్వం లేదు' అని ఉంది. పిల్లల ముందు నిలబడే అలవాటు కొద్దీ నేను హాజరు పిలవడం మొదలుపెట్టాను. "ఈదర" అన్నాను. అందరూ ఒక్కసారే "ప్రెజెంట్" అన్నారు. మళ్ళీ పిలిచాను. మళ్ళీ అందరూ పలికారు. ఆయన గొంతు మాత్రం వాటిలో లేదు.

టోపీ ఆమె తన పక్కన కాస్త చోటు చేసి, ఒంగోలు యాసలో, "నన్నూ ఇట్టాగే కూర్చోబెట్టారమ్మాయ్, మా ఆయన పోయినాక" అంది. "ఎవడో ఒక మగోడు దొరికేదాకా అన్నారు. దొరికినాక కూడా నేను లేవలా."

ఆమె నవ్వితే నాకూ నవ్వు వచ్చింది. ఆయన పోయాక నవ్వడం ఇదే మొదలు. బాగుందా ఆ కుర్చీ అని అడిగాను. చేతులు ఆనించుకునే చోట వాళ్ళాయన చేతుల వెచ్చదనం ఇంకా ఉందేమోనని మొదట్లో తడిమి చూసుకునేదాన్నని, తర్వాత అది తన చేతుల వెచ్చదనమేనని తెలిసిందని చెప్పింది. నాకు అక్కణ్ణించి వెళ్ళిపోవాలనిపించింది, వెళ్ళలేకపోయాను.

అప్పుడు వెనక నుంచి ఆయన దగ్గు వినిపించింది. తిరిగి చూస్తే ఆయన సభ్యుల వైపు లేరు. ఊరి జనం వచ్చి మాట్లాడే మైకు ముందు, చేతులు వెనక్కి కట్టుకుని, తన వంతు కోసం నిలబడి ఉన్నారు. మైకు పక్కన చిన్న దీపాల పెట్టె ఉంది, మాట్లాడేవాళ్ళకు సమయం మిగిలి ఉంటే పచ్చగా, అయిపోవస్తే పసుపుగా, అయిపోతే ఎర్రగా వెలిగే పెట్టె. ఇప్పుడు అది పచ్చగా ఉంది. ఆయన కాళ్ళకు ఒకటి నలుపు, ఒకటి గోధుమరంగు చెప్పులు ఉన్నాయి. రెండూ ఆయనవి కావు.

"అక్కడ నిలబడ్డారేంటండీ" అన్నాను. "మీ చోటు ఇక్కడ కదా."

"ఇక్కడ నిలబడేవాడు ఇంకొకడుండేవాడు" అన్నారు ఆయన. "వాడెట్టా నిలబడేవాడో చూద్దామని."

ఎవరి గురించి అంటున్నారో నాకు తెలుసు. మా వీధిలోనే, మా ఎదురు వరసలో ఉండే దయాకర్. అతని ఇంటి పేరూ ఈదరే. వాళ్ళది నరసరావుపేట వైపు, మాది అద్దంకి, ఎన్ని తరాలు వెనక్కి వెళ్ళినా ఎక్కడా కలవలేదు, అయినా ఇంటి పేరు కలిసింది కనక మొదటి రోజే వరసలు కలిసిపోయాయి. ఆయన అన్నయ్య, అతను తమ్ముడు, అతని భార్య మాధురికి నేను తోడికోడల్ని. ఏ పండగ వచ్చినా ముందు ఆ ఇంటి గిన్నె మా ఇంటికి వచ్చేది. తర్వాత ఇద్దరూ ఒకే వార్డు నుంచి కౌన్సిల్‌కు నిలబడ్డారు. ఇద్దరి ఇళ్ళ ముందూ పచ్చికలో ఒకే పేరు పెద్ద అక్షరాలతో ఉన్న బోర్డులు లేచాయి. మీరిద్దరూ అన్నదమ్ములా అని ఊళ్ళో వాళ్ళు అడిగితే ఈయన అవుననేవారు. అతను కాదనేవాడు. ఊరి పత్రిక అతన్ని అడిగి, ఇద్దరి ఫొటోల కింద ఆ మాటే వేసింది. ఇద్దరికీ బంధుత్వం లేదు. ఈయన ఆ పేజీ మడిచి పక్కన పెట్టడం, ఆ పూట మజ్జిగలో అన్నం కలుపుకుని తినకుండా లేవడం నేను చూశాను.

నేను ఆయన దగ్గరికి నడుస్తున్నాను, హాలు నడవాగా మారుతోంది, మా బడి నడవా, రెండు వైపులా పిల్లలు పుస్తకాలు పెట్టుకునే అరలు, ప్రతి అర తలుపు మీదా అదే పేరు. ఆయన నా పక్కన నడుస్తున్నారు. మైకు మాతో పాటే వస్తోంది, దీపాల పెట్టె కూడా. అన్నం తిన్నావా అని అడిగారు. తిన్నానన్నాను. పచ్చడి మెతుకులు అన్నం కాదు అన్నారు.  చెప్పాల్సిన మాటకే సమయం సరిపోదేమోనని భయంగా ఉంది.

"సాయంత్రం చెప్పాలండీ" అన్నాను. "కూర్చోమంటారా, వద్దంటారా?"

"నువ్వు కూర్చుంటే వాళ్ళందర్నీ చేతులు కట్టుకుని కూర్చోమంటావు. మాట్లాడాలంటే చెయ్యెత్తాలి."

"వేళాకోళం వద్దు."

"వేళాకోళం కాదు వసూ. బాగా చేస్తావు. నాకంటే బాగా చేస్తావు." ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నారు. "కాని అది నాదని తెలిస్తే గదా, నీకిచ్చేది."

ఈ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. అనకపోయినా నాకు తెలుసు. ఎన్నికల ముందు ఆదివారాల్లో గుడి హాల్లో భోజనాల దగ్గర పెద్దవాళ్ళంతా ఒకరికొకరు, మన ఈదరోడికి వెయ్యండి, మన ఈదరోడికి వెయ్యండి అని చెప్పుకున్నారు. ఏ ఈదరోడో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు, ఎవరి మనసులో వాళ్ళకు తెలుసుననుకున్నారు. ఓటు కాగితం మీద, చీటీ తీస్తే, ముందు ఈయన పేరు వచ్చింది. గెలిచిన మర్నాడు, ఆ పెద్దవాళ్ళలో ఒకరైన రంగనాయకమ్మ గారు దయాకర్ ఇంటికి వెళ్ళి, నీకే వేశాను నాయనా, మొదటి పేరే గదా, శుభం అని దీవించి వచ్చారట. ఊళ్ళో మనవాళ్ళంతా అది చెప్పుకుని నవ్వారు. ఈయన కూడా నవ్వారు. ఆ తర్వాత ప్రతి సభలోనూ దయాకర్ మైకు ముందుకు వచ్చి, మా బడి ముందు రోడ్డు దాటే దగ్గర దీపం ఎందుకు పెట్టలేదని ఇంగ్లీషులో, గౌరవంగా, 'మిస్టర్ ఈదర' అని పిలిచి అడిగేవాడు. ఇద్దరి మధ్యా మిగిలిన మాటలు అవే. పండగ గిన్నెలు ఆగిపోయాయి.

"గుడి ముందు విడిచిన చెప్పులుంటాయి చూడు" అంటున్నారు ఆయన. "చీకట్లో ఎవరివో వేసుకొచ్చేస్తాం. ఇంటికొచ్చాక తెలుస్తుంది. మళ్ళీ గుడికెళ్తే అక్కడ ఆ మనిషి ఉండడు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా నాకట్టా ఉండేది."

"వెళ్ళి అతనితో ఒక్క మాట అనాల్సింది."

"అందామనే అనుకున్నా. ఈ సభ అయ్యాక, ఆ సభ అయ్యాక అనుకున్నా. ఆ దీపం పెట్టించి, అప్పుడు వెళ్దామనుకున్నా."

పెట్టెలో దీపం పసుపుగా మారింది. ఆయనకు కనబడకూడదని నేను దానికి అడ్డంగా నిలబడ్డాను, నా వెనక నుంచి ఆ వెలుగు నేల మీద పరచుకుంది, నేల తెల్లగా ఉంది, అది మంచు, మేము మా వీధిలో ఉన్నాం. ఎన్నికలప్పుడు ఇంటింటికీ తిరిగినట్టే తిరుగుతున్నాం, నేను కాలిబాట మీద ఆగుతున్నాను, ఆయన మెట్లెక్కి తలుపు దాకా వెళ్ళి, తట్టకుండానే తిరిగి వస్తున్నారు. ప్రతి గుమ్మానికీ మామిడాకుల తోరణం ఉంది. జాన్సన్ గారి ఇంటికి ఉంది, పోస్టాఫీసుకు ఉంది, అగ్నిమాపక కేంద్రం పెద్ద షట్టరుకు కూడా ఎవరో నిచ్చెన వేసి కట్టారు. ఆకులు పచ్చగా, మంచు అంటకుండా ఉన్నాయి. పండగా అని అడిగాను. పండగే అన్నారు.

మనకు లేదు కదా ఈ ఏడాది, అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.  మైల అందరికీ కొన్నాళ్ళే, ఇంటి పేరు కలిసిన ప్రతివాడికీ అంతే, కాని ఏడాది పొడుగునా పండగ మానేది సొంతవాళ్ళే. భార్య, పిల్లలు, తోడబుట్టినవాళ్ళు. మాకు పిల్లలు లేరు. ఆయనకు తోడబుట్టినవాళ్ళు లేరు. అంటే ఈ భూమి మీద ఆయన కోసం పండగ మానే మనిషిని నేనొక్కదాన్నే.

"ఒక్కదాన్నే" అన్నాను ఆయనతో.

ఆయన వీధి చివర దాకా చూస్తున్నారు. "సరిగ్గా చూడు" అన్నారు.

చూశాను. తోరణాల వరసలో ఒక్క గుమ్మం బోసిగా ఉంది. అది మాదే అనుకున్నాను. నడుస్తున్న కొద్దీ అది దగ్గరవుతున్నట్టు లేదు, తలుపు రంగు ఆనడం లేదు, మా తలుపు ఎరుపు, ఇది ఎరుపులా లేదు. ఆయన్ని అడుగుదామంటే ఇంకో సంగతి ముందుకు వచ్చింది, ఆ పలక సంగతి, నా గుండెలో ఇన్నాళ్ళూ ఉన్నది అదే.

"ఆ పలక తీసేస్తారండీ" అన్నాను. "నేను కాదంటే తీసేస్తారు. ఇంకెక్కడా మీ పేరు ఉండదు."

"ఏముంది దాని మీద?"

"మీ పేరు."

"ఏముందో చెప్పు. పిల్లల్నయితే ఊరికే వదుల్తావా."

"ఈదర అని ఉంది."

"ఇంకా?"

 ఇంకేమీ లేదని నాకు తెలుసు, అయినా జవాబు రాని పిల్లలా నేల చూస్తూ నిలబడ్డాను. నా కళ్ళ ముందు ఆయన పాదాలు ఉన్నాయి. ఆయన ఒక చెప్పు విడిచి, తర్వాత రెండోది విడిచి, రెంటినీ జాగ్రత్తగా జతగా చేర్చి, ఆ బోసి గుమ్మం మెట్టు దగ్గర పెట్టారు. మంచు మీద ఉత్త పాదాలతో నిలబడితే చలి కదండీ అన్నాను. లేదన్నారు. నేను ఆయన చేయి పట్టుకోబోయాను, నేల మీద వెలుగు పసుపు నుంచి ఎరుపుకు మారింది, ఆయన మైకు ముందు నిలబడ్డవాళ్ళు ఎవరైనా అన్నట్టే మర్యాదగా, "నా సమయం అయిపోయింది, థాంక్యూ" అన్నారు.

కళ్ళు తెరిచాను. తెల్లవారింది. ఆయన వైపు దుప్పటి నలగకుండా ఉంది. ఫోను దిండు పక్కన గుర్రుమంటోంది, ఉగాది శుభాకాంక్షలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, నా సంగతి తెలియనివాళ్ళు, తెలిసీ మరిచినవాళ్ళు. దాన్ని తిరగేసి పెట్టి, శాలువా కప్పుకుని ముందు గది కిటికీ దగ్గరికి వెళ్ళాను. బయట మంచు కరిగి మురికిగా అక్కడక్కడ మిగిలింది. మా వీధిలో తెలుగు ఇళ్ళు గుమ్మాలను బట్టే తెలుస్తాయి ఈ రోజున. పెద్ద ఊరి దుకాణం నుంచి తెచ్చిన నిజం మామిడాకులు కొన్నిటికి, బట్టతో కుట్టినవి కొన్నిటికి.

ఎదురు వరసలో దయాకర్ ఇంటి తలుపు నీలం రంగు. ఉగాదికి తోరణం కట్టడం మాధురి ఏ ఏడూ మరవదు. వరండాలో లైటు ఆర్పేస్తూ ఆమె ఒక్క క్షణం బయటికి వచ్చింది, ఇంట్లో కట్టుకునే పాత చీరలో ఉంది, తల అంటుకోలేదు, పైకి చూడకుండా లోపలికి వెళ్ళింది. గుమ్మం పైన రెండు మేకులు ఉన్నాయి. వాటి మధ్య నిరుటి దారం ఉంది, ఎండిన తొడిమలు రెండు దానికి ఇంకా పట్టుకుని ఉన్నాయి. ఆకులు లేవు.