మూతకుండలో నిచ్చెన

కినబాలు కొండ దిగువన మైనిం తోటలో పోయినేడు తేనెటీగల్ని పెంచే బోలు దుంగలు పదకొండుండేవి. ఇప్పుడు ఆరే మిగిలాయి. వాటి చుట్టూ అల్లుకున్న, మూతల కుండల్లో పురుగుల్ని పట్టి తినే మూతకుండ తీగలే తన ఈగల్ని తినేశాయని తేల్చుకుని, మైనిం పొద్దున్నే కత్తితో వచ్చింది.

గుంబిలాయ్ అప్పటికే అక్కడున్నాడు. బడిపంతులుగా రిటైరైనవాడు, ఆమె అక్క మొగుడు. అక్క పోయినప్పటి నుంచి రోజూ పొద్దుట ఈ తీగల దగ్గరే కూర్చుంటున్నాడు. పురుగు లోపలి నీళ్లలో మునిగాక కుండ మూత వాలడం, మూడో రోజు మళ్లీ లేవడం, అన్నీ చూశాడు. తీగ జోలికి పోవద్దన్నాడు.

"నీకేం బావా, చూసి మురిసిపోతావు. ఈగలు పోయింది నావి."

"మూత వాలినవి నీకిష్టమొచ్చినవి కొయ్యి. ఒక్క తేనెటీగ దొరికినా తీగంతా నేనే నరుకుతాను."

ఆమె ఏరి ఏరి ఏడు కుండలు కోసి ఆకు మీద ఒంపింది. అన్నిట్లోనూ పెద్ద కందిరీగల తలలు, రెక్కలే. దుంగల్లో దూరి ఈగల్ని చంపేవి అవే.

అతను మూత తెరిచున్న కుండ చూపించాడు. తేనెటీగ ఒకటి జారి లోపల పడింది. నున్నటి గోడకి ఒక పక్కన సన్నటి నూగు చార ఉంది. ఈగ దాన్ని పట్టుకుని పైకి పాకి, అంచున రెక్కలు ఆరబెట్టుకుని ఎగిరిపోయింది. కందిరీగ బరువుకైతే ఆ నూగు వంగిపోతుందన్నాడు.

మైనిం కత్తి కింద పెట్టింది. దుంగలు ఎప్పుడు ఖాళీ అయ్యాయని అతను మెల్లగా అడిగాడు. పోయినేడు పంట పండగ అయ్యాకనే అంది. పండగకి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ మూతకుండలో వండిన అన్నం పెట్టాలని ఆమె అత్త పట్టు. ఆ కుండలు ఎక్కణ్ణుంచి కోశావని అతను అడగలేదు. అడగకపోవడం ఆమెకి మేలే అయింది. దూరం పోలేక, ఈ దుంగల చుట్టూ ఉన్నవే బుట్టల కొద్దీ కోసింది ఆమె. పట్టే కుండలు లేక కందిరీగలు దుంగల మీద పడింది ఆ తర్వాతే.

పండగ ఇంక తొమ్మిది రోజులే ఉంది.

"అయితే ఈసారి అన్నం ఆకుల్లో చుట్టి పెడతాను," అంది చివరికి. "కానీ ఆ మాట మా అత్తకి నువ్వే చెప్పాలి."

"చెప్తాను."

"తిడుతుంది."

"తిట్టనీ. నాలుగు తిట్లకి ఆరు దుంగలు నిలుస్తాయి," అని గుంబిలాయ్ లేచి, చొక్కా దులుపుకుని, ఆమె అత్తగారింటి దారి పట్టాడు.