మేకు కొట్టకూడని గోడ

సుత్తి మావయ్యకి ఆ పేరు రెండు రకాలుగా అతికింది. ముప్ఫై ఏళ్ళ నుంచి వడ్రంగి కాబట్టి చేతిలో ఒక సుత్తి, కూర్చుంటే లేవనివ్వడు కాబట్టి నోట్లో ఒక సుత్తి. సముద్రపొడ్డున మూడొందల ఏళ్ళ నాటి జాలర్ల ఊరుందంటే చూద్దామని బయల్దేరినప్పుడు భార్య చేతిసుత్తిని పట్టుబట్టి ఇంట్లో పెట్టించింది. నోటిసుత్తికి మాత్రం తాళం కప్ప దొరకలేదు.

బస్సు దిగిన జనం అలలు చూశారు, వలలు చూశారు. మావయ్య తలుపులు చూశాడు. ఇరుకు సందుల్లో రాతి గోడలు, ఒక్కో ఇంటికీ ఒక్కో రంగు తలుపు. ఉప్పుగాలికి రంగు పెచ్చులు లేచిందేగానీ చెక్క చెక్కుచెదరలేదు. పాత పలక కనబడితే పలకరించకుండా పోయే మనిషి కాడు. ప్రతి తలుపునీ వేలి కణుపుతో టక్కుమని కొట్టి, చెవి ఆనించి, "ఆహా! ఏం చెక్క!" అనేవాడు. లోపల్నుంచి "ఎవరూ?" అనే లోపు పక్కింటికి చెక్కేసేవాడు.

"తలుపులు కొట్టి పారిపోయే వయసా ఇది?" అంది భార్య. "పాత ఇల్లొకటి అందరికీ చూపించడానికి ఉంచారట. నేను టికెట్లు తెస్తా. మీరు ఇక్కణ్ణుంచి కదలకండి."

"కదలడానికి నేనేమన్నా అలనా?"

ఆవిడ మలుపు తిరిగిందో లేదో, అల కదిలింది. నాలుగు గుమ్మాల అవతల ఒక ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. గోడవార తెడ్లు, బుట్టలు, వలలకి కట్టే బెండ్లు, ఒక లాంతరు, ఒక ముక్కాలిపీట వరసగా పేర్చి ఉన్నాయి. చూపించే ఇల్లు ఇదేనని తీర్మానించేసి, చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.

ముందుగదిలో సముద్రం వైపు ఇంత కిటికీ. నేల నిండా ఎండ. తలెత్తితే పొగకి నల్లబడిన దూలాలు, వాటి మీద అటక. దూలం కనిపిస్తే మావయ్య దూల ఆగదు. గది మధ్యలో నిలబడి, మెడ వెనక్కి వాల్చి, బస్సు దాకా వినబడేలా మొదలెట్టాడు.

"ఏ మహానుభావుడు కట్టాడోగానీ, చేతులు కావు అవి! ఒక్క ఇనపమేకు లేదు, అన్నీ చెక్కమేకులే. దూలం వంపు చూడు! ఇది ఇల్లు కాదు, విల్లు!"

"ఇల్లే నాయనా. మాదే," అంది కిటికీ పక్కన కుర్చీలోంచి ఒక ముసలి గొంతు.

మావయ్య ఉలిక్కిపడ్డాడు. అంతసేపూ ఆవిడని కూడా ప్రదర్శనలో పెట్టారనే అనుకున్నాడు.

"తాపీ మేస్త్రీ తాలూకా?" అంది పెద్దావిడ.

"కాదండీ, ఊరికే తాపీగా వచ్చాను. టూరిస్టుని. చూపించే ఇల్లు..."

"అది అవతలి సందులో. ఇది కూల్చే ఇల్లు."

"ఇల్లు కాదండీ, ఒక్క గోడే!" అంటూ వెనకగదిలోంచి ఆవిడ కోడలు వచ్చింది. నలభై దాటి ఉంటాయి. భుజాన చిరిగిన వల, వేళ్ళ మధ్య వల అల్లే చెక్కసూది. వెనకాలే తాపీ మేస్త్రీ, చేతిలో సమ్మెట.

సంగతేమిటంటే, ఊళ్ళో సగం పడవల వలలు ఆ కోడలి చేతిలోనే బాగుపడాలి. ముందుగదిలో వల పరిస్తే వీధిలోకి పోతుంది, అంత ఇరుకు. వెనకగది పొడుగ్గా ఉంటుందిగానీ, కిటికీ ఉండాల్సిన చోట కొండరాయి ఉంది. పట్టపగలు బల్బు కింద కూర్చుంటే వల కన్ను ఏదో, చిరిగిన కన్నం ఏదో తెలీదు. రెండు గదుల మధ్యనున్న గోడ తీసేస్తే సముద్రం వెలుగంతా తిన్నగా వలలో పడుతుంది. దానికి రెండేళ్ళు బతిమాలితే అత్తగారు నిన్ననే సరేనంది. అందుకే సామానంతా వీధిలో పడింది.

"ఇటుక మందం కూడా లేదు. అరగంట పని," అన్నాడు మేస్త్రీ సమ్మెట ఎత్తుతూ.

మావయ్య వేలు ఊరుకుంటుందా? టక్. ఆయన మొహంలో నవ్వు ఆగింది. జానెడు జరిగి మళ్ళీ కొట్టాడు. డబ్. ఇంకో జానెడు. టక్.

"ఆగవయ్యా, ఇది గోడ కాదు," అన్నాడు.

"మరేంటి, మేడా?"

"ఇటుక ఇలా పలకదు. లోపల పలకుంది."

"ఇంతకీ ఎవరయ్యా నువ్వు?"

"టూరిస్టుని."

"టూరిస్టువైతే పోయి సముద్రం చూడు. గోడలు చూట్టానికి వచ్చావా?"

కోడలు మొహం కందిపోయింది. "బాబూ, మీకు దండం పెడతా. అత్తయ్య చేత ఊఁ అనిపించడానికి రెండేళ్ళు పట్టింది. మీరొచ్చి అనుమానం పెడితే ఇంకో రెండేళ్ళు. అప్పటిదాకా ఈ కళ్ళుండవు."

ఎండలో నిలబడి కూడా ఆవిడ కళ్ళు చికిలించే చూస్తోంది. మావయ్య వేలు గోడ మీంచి దిగింది.

మాట్లాడింది అత్తగారే. "మా మామగారు ఆ గోడకి మేకు కొట్టనిచ్చేవారు కాదు. పెళ్ళయిన కొత్తలో కేలండరు తగిలిద్దామని పోతే చెయ్యి పట్టుకున్నారు. ఎందుకు మామయ్యా అంటే, 'నీళ్ళొస్తాయి' అన్నారు. గోడలోంచి నీళ్ళేంటి! పెద్దవాళ్ళ ఛాదస్తం అనుకున్నాం."

"అమ్మగారూ, ఆయనది ఛాదస్తం కాదు," అని మావయ్య మేస్త్రీ వైపు తిరిగాడు. "అన్నా, నీ ఉలి ఒక్కసారి. అరచెయ్యంత గీకుతా. ఇటుక కనబడితే నన్నే కొట్టు."

సున్నం పెచ్చులుగా రాలింది. కింద నల్లటి పలకలు, ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించి ఉన్నాయి. సందుల్లో పీచు కూరి, తారు పూసి ఉంది. ఇన్నేళ్ళకి గాలి తగిలేసరికి గదంతా తారు వాసన కొట్టింది. జాలరింట పుట్టినవాళ్ళకి ఆ వాసన ఎవరూ చెప్పక్కర్లేదు.

"పడవ!" అంది కోడలు.

"పడవలో సగం. పనికిరాదని పక్కన పడేసినదాన్ని తెచ్చి గోడగా నిలబెట్టాడు, ఎంత గడుసువాడో! పైకి చూడండి. దూలాలన్నీ పడవ అంచు మీదే కూర్చున్నాయి." మావయ్య గోడకి ఆనించి ఉన్న నిచ్చెనెక్కి అటకలోకి తొంగి చూశాడు. పాత వలలు, మోకులు, రెండు లంగర్లు. "సముద్రంలో మనుషుల్ని మోసింది, ఇక్కడ మీ సంసారం మోస్తోంది. సమ్మెట పడితే అటక పడుద్ది. అటక కింద అమ్మగారి కుర్చీ ఉంది."

మేస్త్రీ సమ్మెటని పాపాయిని పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టాడు. "అరగంట పనేనన్నాను," అన్నాడు మెల్లగా. "నిజమే. ఇల్లంతా పడటానికి అంతే పట్టేది."

కోడలు ముక్కాలిపీట వీధిలోంచి తెచ్చుకుని, వెనకగదిలోకి వెళ్ళి బల్బు వేసుకుంది. గెలిచిన అత్తగారికి కూడా ఆ గెలుపు రుచించలేదు. "ఏదన్నా దారి చూడు నాయనా," అంది.

మావయ్య చెయ్యి పలకల మీద నడుస్తూ వెళ్ళింది. ఎక్కడ టక్, ఎక్కడ డబ్. "పడవకైనా మనిషికైనా బరువు మోసేది పక్కటెముకలు," అన్నాడు చివరికి. "పలకలున్నది ముఖ్యంగా నీళ్ళు ఆపడానికి. ఇక్కడ నీళ్ళెక్కడున్నాయి? పైన రెండు, కింద రెండు ఉంచి, మధ్యలోవి తీసేద్దాం. ఎముకలు ఉంటాయి, సందుల్లోంచి వెలుగు వస్తుంది."

టికెట్లు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చిన భార్య తిట్టడానికి నోరు తెరిచింది. "ఈ పలక చివర పట్టుకో, తర్వాత తిట్టు," అన్నాడు మావయ్య. ఆవిడ పట్టుకుంది. మేస్త్రీ తాపీతో సున్నం ఒలిచాడు, గోడ వెళ్ళబోసుకునే గోడంతా ఆ చేతికే తెలిసినట్టు ఒక్క పలకకీ గీత పడకుండా. మావయ్య చెక్కమేకులు ఒక్కొక్కటే వెనక నుంచి తట్టి తీశాడు. ఒక్కటీ పుచ్చలేదు. ప్రతిదాన్నీ వెలుగులో తిప్పి చూసి, కళ్ళకద్దుకున్నంత పని చేసి కిటికీ గట్టు మీద పేర్చాడు.

మొదటి పలక ఊడగానే వెనకగదిలోకి బెత్తెడు ఎండ దూరింది. రెండోది, మూడోది. నాలుగోదానికి గది అవతలి కొస దాకా పాకింది.

అత్తగారు లేచొచ్చి పక్కటెముకల మధ్యనుంచి లోపలికి చూసింది. "ఓసి, ఆ గోడలకి వేసింది నీలం రంగా! ఇన్నాళ్ళూ నలుపనుకున్నానే."

"ఇంకొక్క పలక తీయకూడదా?" అంది కోడలు లోపల్నుంచి.

"తీస్తే అటకతో మాట్లాడుకోవాలి."

"పోనీ సగం?"

"సగం పలక తీస్తే పడవ నవ్వుతుంది తల్లీ."

కోడలు బల్బు ఆర్పి, పీట ఎండలోకి లాక్కుంది. వల ఒళ్ళో వేసుకుని, చిరిగిన చోటు వెతికి, సూది ఎక్కించింది. మొదటి ముడి తడుముకోకుండా పడింది. రెండోది ఇంకా తొందరగా పడింది. మూడోదానికి వచ్చేసరికి నలుగురూ పక్కటెముకల ముందు గుమిగూడి చూస్తున్నారు.

"కాస్త జరగండి బాబూ," అంది తలెత్తకుండానే, "వెలుతురుకి అడ్డం."