మూత మీద బీడీ

యోబు కొట్టం ఊడ్చి, గేదెలకు చొప్ప వేసి, మూలనున్న ఇనప బకెట్ మీద మూత సవరించి పక్కనే గొంతుక్కూర్చున్నాడు. కుడిచేతికి మిగిలినవి రెండే వేళ్లు. వాటితోనే బీడీ వెలిగించాడు. బాంబుల పక్కన బీడీ ఏందని ఒక్కడూ అడగలేదు. అంత దగ్గరికి ఎవడొస్తే కదా!

ఆ బకెట్లో ఊక పోసి దాచిన నాటుబాంబులకు, ఊళ్లో ఒక వర్గం పెద్ద ప్రభాకరరావు పెట్టిన కాపలా అతను. అవతలి వర్గం పెద్ద వెంకటేష్ ఇంట్లోనూ అలాంటి బకెట్ ఉంది. ఇన్నేళ్లూ ఎవరూ ముందు వేయకపోవడానికి కారణం భయమే. సిగ్గుమాలిన శాంతి.

ఒక బాంబు చేతిలోనే పేలి వేళ్లు పోయిన ఏడాదే యోబు మిగిలిన బాంబులన్నీ వాగు మడుగులో ముంచేసి, ఊక కింద నాపరాతి ముక్కలు పేర్చాడు. ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే అవతలివాళ్లు వచ్చిపడతారు.

వసారాలో టీవీ మోగుతోంది. అణుబాంబు ముందుగా వేయబోమన్న మాటకు దేశం ఇంకా కట్టుబడి ఉండాలా అని నలుగురు అరుచుకుంటున్నారు. చల్లటి గదిలో కూర్చుని ఊళ్లు తగలబెట్టే మొహాలు. ప్రభాకరరావు కాఫీ తాగుతూ తలూపుతున్నాడు.

అప్పుడే వెంకటేష్ మిరపతోటకు మందు కొట్టే డ్రోన్ గుయ్యిమంటూ పెరటి మీదుగా పోయింది.

ప్రభాకరరావు కొట్టం దగ్గరికి ఉరికొచ్చాడు. "చూశావంట్రా? పైనుంచి మన గుట్టు లాగుతున్నాడు. ఇంకా ఆగితే మనమే పోతాం. బకెట్ తే, ఇయ్యాల మనమే ముందు ఏద్దాం!"

"అది మందు కొట్టేదయ్యా."

"నాకు చెప్తావేందిరా? లెగు!"

ఇవతలి నుంచి రాళ్లు పడితే అవతలి నుంచి నిజమైనవి పడతాయి. ముందు పడేది వాడ మొదట్లో, యోబు మనవరాళ్లుండే రేకులింటి మీదే. అతను లేచి మూత మీద కూర్చున్నాడు.

"పాతబడినయ్యయ్యా. కదిపితే కొట్టంతో సహా లేచిపోతాం. నేను బతికుండగా కదపనియ్యను."

ప్రభాకరరావు చెప్పు విసిరాడు. బూతులు తిట్టాడు. గడప మాత్రం దాటలేదు. పిరికి వెధవ.

మధ్యాహ్నం అన్నం తెచ్చిన కోడలు పిలిస్తే యోబు పలకలేదు. మూత మీదే, గోడకు ఆనుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. శవాన్ని ఆమె ఒక్కతే బయటికి లాక్కొచ్చింది. ఒక్క మగాడూ లోపలికి రాలేదు.

డ్రోన్ రోజూ ఎగురుతూనే ఉంది. బకెట్ ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. ప్రభాకరరావు గేదెల్ని చేనికి తోలించి కొట్టానికి తాళం వేయించాడు. లోపల, బకెట్ మూత మీద, యోబు వేళ్ల నుంచి జారిన సగం కాలిన బీడీ అలాగే ఉంది.